అమీరుపేట అంగళ్లు, పిల్లల పండుగ పనులు

భాగ్యనగరమున శ్రావణమాసము మొదలుకొని సంక్రాంతి వఱకును పండుగలకు తెఱపి లేదు. వినాయకచవితి, బతుకమ్మ, దసరా, దీపావళి, క్రిస్మసు, భోగి ఒకదాని వెంట నొకటి వచ్చుచునే యుండును. ఇంట పిల్లలున్న తల్లికి ఈ యయిదాఱు నెలలును రెండు చింతలు. సెలవులలో పిల్లల చేతులకు పని కల్పించుట యొకటి. బంధువులకును నెచ్చెలులకును ఇయ్యవలసిన కానుకలు సమకూర్చుట రెండవది. నగరము నడిబొడ్డుననున్న అమీరుపేట, పంజాగుట్టలు ఈ రెండు చింతలకును సమాధానము చెప్పగలవు. అచ్చట కొనదగిన వస్తువులు వేలకొలది గలవు. కాని యీ వ్యాసమున కొనుటకన్న ఏరుకొనుటను గూర్చియే యెక్కువగా వ్రాయదలచితిని. ఏలయన ఆ పేటలు పాఱవైచు వస్తువులలోనే పిల్లల పనికి మిక్కిలి తగిన సామగ్రి యున్నది.

పేటల పుట్టుపూర్వములు

నిజాము ప్రభువుల తరువాత అంతటివారని పేరొందిన పైగా వంశపు నవాబులకు అమీర్-ఎ-కబీర్ అను బిరుదముండెడిది. వారి జాగీరగుటచేతనే అమీరుపేటకు ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. నాడు నగరమునకు వెలుపల తోటలతో నిండియున్న ఆ చోటు నేడు నగరమునకు నాభివంటిదైనది. 2017 నవంబరులో మెట్రో రైలు నడువసాగిన పిమ్మట మియాపురము నుండి ఎల్.బి.నగరునకు పోవు ఎఱ్ఱగీత బండియు, నాగోలు నుండి వచ్చు నీలిగీత బండియు ఇచ్చటనే కలిసికొనుచున్నవి. నీలిగీత బండి 2019లో రాయదుర్గము వఱకును సాగినది. ఎఱ్ఱగీత మీద అమీరుపేటకు తరువాతి మజిలీయే పంజాగుట్ట. రెంటికిని నడుమ నడిచిపోదుమన్నను దూరము లేదు.

పంజాగుట్ట దాటి ఖైరతాబాదు వైపునకు పోవునపుడు గుట్టమీద నొక పాతమేడ కనబడును. అది 1870 ప్రాంతమున నవాబు ఫక్రుల్ముల్కు కట్టించిన ఇఱం మంజిలు. ఇఱం అనగా పారసీక కథలలోని స్వర్గోద్యానము. ఎఱ్ఱమట్టి గుట్టమీద నున్న మేడ యగుటచే తెలుగువారి నోట అది ఎఱ్ఱమంజిలైనది. 2019లో ప్రభుత్వమువారు దానిని కూల్చి యాతావున శాసనసభాభవనము కట్టదలపగా ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. పాతబడినంతమాత్రమున పాఱవేయరాదను నీతిని ఈ పేటలలో అంతకన్న గొప్పగా చెప్పు కట్టడము వేఱొకటి లేదు.

చెఱువు కథ

అమీరుపేటను ఆనుకొనియున్న బల్కంపేటలో ఎల్లమ్మవారి గుడి కలదు. ఆ తల్లి మూర్తి నేలమట్టమునకు దిగువన, బావిలో నున్నది. ఆషాఢమాసమున జరుగు కల్యాణమునకు వేలాది స్త్రీలు వత్తురు. ఆ బావినీటిని తీర్థముగా గొనిపోవుదురు. నీరే దేవతకు నివాసమని నమ్మిన పేట యిది. ఇక ఆ చుట్టుపట్ల నీరు పోవు దారిని చూడుడు. కూకట్‌పల్లి నాలా సనత్‌నగరు, బల్కంపేటల మీదుగా బేగంపేట చేరి హుస్సేనుసాగరమున పడుచున్నది. సాగరమును చేరు నాలుగు పెద్దనాలాలలో నిది యొకటి. తక్కినవి బంజారా, బల్కాపురము, పికెటు నాలాలు. 16వ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షాహి కాలమున త్రవ్వించిన ఆ చెఱువు ఒకప్పుడు నగరమునకు మంచినీరిచ్చినది. నేడు దాని నీరు నోటబోయువారు లేరు. పండుగ మఱునాడు మనము గుమ్మము బయట పడవైచిన థర్మకోలు ముక్కలును, మెఱుగు పొరలును వానకు కొట్టుకొని తుదకు చేరునది ఆ చెఱువునే.

వినాయకచవితి విగ్రహముల సంగతి యంతకన్న పెద్దది. ప్యారిసు ప్లాస్టరు అనునది జిప్సము రాతిని కాల్చి చేసిన పొడి. తడిసి గట్టిపడిన పిదప అది మరల రాయివంటిదే. నీట సులభముగా కరగదు. దానిపై పూసిన రంగులలో సీసము మొదలగు లోహములుండుటయు కలదు. ఈ కారణములచేతనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు 2020 మే నెలలో క్రొత్త నియమములు వెలువరించి, విగ్రహములకు ప్యారిసు ప్లాస్టరును థర్మకోలును వాడరాదనిరి. 2021 సెప్టెంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము ప్లాస్టరు విగ్రహములను సాగరమున కలుపగూడదని ఉత్తరువిచ్చినది. సుప్రీముకోర్టువారు ఆ యొక్క యేటికి మాత్రము, కడపటిసారియని చెప్పి, అనుమతించిరి. 2022 జూలై 1 మొదలుకొని దేశమంతటను అలంకారపు థర్మకోలు, బుడగల ప్లాస్టికు పుల్లలు, ప్లాస్టికు జెండాలు, మిఠాయిపెట్టెలకు చుట్టు పలుచని పొర మున్నగునవి నిషిద్ధములైనవి. ఈ పట్టికను చదివినచో దానిలో సగము పిల్లల వేడుకల వస్తువులే యని తెలియగలదు. చట్టము అంగడివానికి చెప్పినది. పిల్లలకు చెప్పవలసినది తల్లియే. పిల్లలకు వలదనుట చాలదు, బదులుగా మఱియొకటి చేతికీయవలయును.

పేట యిచ్చు పేలికలు

పంజాగుట్ట నాలుగుదారుల కూడలి మొదలుకొని అమీరుపేట వఱకును బట్టల అంగళ్లే. చీరలకు సరిపడు రవికె గుడ్డలమ్ము మ్యాచింగు సెంటర్లును, గల్లీలలో ఒక్క కుట్టుయంత్రము పట్టు గదులలో పనిచేయు దర్జీలును లెక్కకు మిక్కిలి. సాయంకాలమగునప్పటికి ప్రతి యంత్రము క్రిందను రంగురంగుల పేలికలు కుప్పపడియుండును. ఒక దర్జీని నేనడుగగా అతడు సంచి నిండ నింపియిచ్చి, "తీసుకపోండి అమ్మా, ఎట్లయినా చెత్త బండికే పోతయ్. పిల్లలు ఆడుకుంటరంటే అంతకంటె ఏం కావాలె" అనెను. ఇంత చవుకగా ఇన్ని రంగులు మఱెచ్చటను దొరకవు.

ఇంటికి తెచ్చిన పేలికలను మొదట రెండు కుప్పలుగా విడదీయవలెను. నూలువి యొకవైపు, జారుడుగా నుండు పాలియెస్టరువి వేఱొకవైపు. నూలుగుడ్డ మట్టిలో కలిసి మట్టియగును, పాలియెస్టరు కాదు. కావున రెండవదానిని బొమ్మల కడుపులో కూరుటకు వాడినచో అది చిరకాలము ఇంటనే యుండును, కాలువకు పోదు.

అయిదేండ్ల పిల్లలకు సూది యీయకయే బొమ్మ చేయించవచ్చును. జేనెడు చదరపు నూలుగుడ్డ నడుమ పేలికల ఉండనుంచి, గుడ్డను దానిపై మూసి, మెడవద్ద దారముతో బిగించవలెను. రెండు మూలలను ముడివేసిన చేతులగును. తక్కిన రెండు మూలలు పావడవలె జాఱును. బొగ్గుతో కన్నులు దిద్దిన బొమ్మ సిద్ధము. ఇట్టివి పది చేసిన దసరాకైనను సంక్రాంతికైనను బొమ్మలకొలువులో నొక మెట్టు నిండును. అమీరుపేటలో తెలంగాణమువారును కోస్తావారును ఇరుగుపొరుగుగా నుందురు గనుక రెండు పండుగలకును పేరంటపు పిలుపులు వచ్చుట కద్దు. పదేండ్లు దాటిన పిల్లలు ముక్కోణపు ముక్కలను కత్తిరించి నూలుత్రాటికి కుట్టిన గుమ్మమునకు తోరణము. పాతచీర చెఱగును రెండుగా మడిచి ప్రక్కలు కుట్టిన కూరల సంచి.

కానుకను చుట్టుటకును గుడ్డయే మేలు. జపానుదేశమున ఫురోషికి యను చదరపు గుడ్డలో కానుకను మూటగట్టి యిచ్చు ఆచారము చిరకాలముగా నున్నది. మనకును క్రొత్త గాదు. ఆడపడుచునకు ఒడిబియ్యము పోసి పంపునపుడు మూటగట్టునది గుడ్డలోనే గదా. ఆ మూట విప్పిన పిదప గుడ్డయు పనికివచ్చును. మెఱుగుకాగితము చినిగి చెత్తకుండిలో పడును.

చదువుల పేట కాగితములు

1990ల నుండియు అమీరుపేట కంప్యూటరు విద్యలకు పేరుపడినది. మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవు పరిసరములలోని శిక్షణశాలలకు తెలుగునాట పల్లెపల్లె నుండియు యువతీయువకులు వచ్చి, ఇఱుకు వసతిగృహములలో నుండి చదివి, దేశదేశములకు ఉద్యోగములకై పోయిరి. చదువులు కొంతవఱకు అంతర్జాలమునకు మరలినను, జిరాక్సు అంగళ్లును, దారిన పోవువారి చేతులలో పెట్టు కరపత్రములును ఇంకను గలవు. ఒకవైపు తెల్లగా మిగిలిన కాగితమన్న పిల్లలకు పండుగయే.

మెఱుగులేని కాగితములతో చేర్యాల వారి పద్ధతిని పోలిన ముసుగులు చేయవచ్చును. సిద్ధిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు తరతరములుగా గుడ్డపై పురాణకథల పటములు వ్రాయుదురు. చింతగింజల ముద్దను ఱంపపుపొట్టుతో కలిపి, కొబ్బరిచిప్పలపై మెత్తి ముసుగులును బొమ్మలును చేయుదురు. ఆ చింతగింజల బంక యింటిలోనే చేసికొనదగును. గింజలను వేయించి పొట్టు తీసి, రాత్రి నానవేసి, మెత్తగా రుబ్బి, నీరుపోసి సన్నని సెగపై చిక్కబడువఱకు ఉడికింపవలెను. పొయ్యిపని తల్లిది; తక్కినది పిల్లలది. బోర్లించిన గిన్నెకు నూనె పూసి, కాగితపు చీలికలను ఈ బంకలో ముంచి ఆఱేడు పొరలుగా అతికించి, రెండు దినములు నీడను ఆరనిచ్చి ఊడదీసిన, గట్టి ముసుగు వచ్చును. పసుపు, బీటుదుంప రసము, పాలకూర రసము, బొగ్గు ఇవియే రంగులు. పసుపునకు చిటికెడు సున్నము కలిపిన ఎఱుపెక్కుట చూచి పిల్లలు ముచ్చటపడుదురు. సున్నము కంటబడకుండ పెద్దలు దగ్గఱనుండవలెను.

మెఱుగు కరపత్రములకు బంక పట్టదు. వానిని పొడవైన ముక్కోణపు చీలికలుగా కోసి, వెడల్పు కొన నుండి చీపురుపుల్లకు బిగువుగా చుట్టి, చివర నతికించి పుల్లను లాగివైచిన, నడుమ లావై కొనలు సన్ననైన పూసలగును. దండలు గ్రుచ్చి కొలువుబొమ్మల మెడలో వేయవచ్చును. క్రిస్మసునకు కాగితపు నక్షత్రము క్రింద వ్రేలగట్టవచ్చును. సంక్రాంతికి పలుచని కాగితముతో గాలిపటము కట్టుకొందురు గాక. దారము మాత్రము నూలుదే కావలెను. పక్షుల రెక్కలను, బండ్లపై పోవువారి గొంతులను కోయు నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయపీఠము 2017లోనే దేశమంతటను నిషేధించినది.

మన్నును పువ్వును

చవితికి రెండుమూడు దినములు ముందుగా ఈ పేటల వీథులలో పత్రి, పాలవెల్లి, అచ్చులలో నొత్తిన మట్టి గణపతులు అమ్మకమునకు వచ్చును. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థవారు ఏటేట ఉచితముగా మట్టి విగ్రహములు పంచుచున్నారు. అయినను పిల్లలు తమ చేతులతో చేసిన గణపతికి సాటి యేమున్నది?

బంకమన్నును జల్లించి రాళ్లు తీసి, రాత్రంతయు నాననిచ్చి, చిటికెడు దూదిని గాని నలిపిన కాగితపు గుజ్జును గాని కలిపి చపాతీపిండివలె పిసుకవలెను. దూది కలిపినచో ఎండినపుడు పగుళ్లు రావు. కడుపునకు పెద్ద ఉండ, తలకు చిన్న ఉండ, తొండమునకు వత్తి. అతుకువద్ద పలుచని బురద పూసి, లోన చీపురుపుల్ల ముక్క గ్రుచ్చిన ఊడదు. నీడను మూడునాలుగు దినములు ఆరవలెను, ఎండబెట్టినచో చీలును. కన్నులకు గురివింద గింజలు పెట్టుట పలుచోట్ల వాడుక. గురివింద గింజ పగిలి కడుపులోనికి పోయిన ప్రాణాపాయకరమైన విషము. పసిపిల్లలున్న ఇంట దానికి బదులు మిరియములు పెట్టుట క్షేమము. కడుపులో నాలుగు బంతి విత్తులనో వంగ విత్తులనో దాచినచో మఱియు మేలు. పూజానంతరము పెరటిలోనో మేడమీదనో బకెటు నీటిలో స్వామిని నిమజ్జనము చేసి, కరగిన మన్నును కుండీలో పోసిన, వారము పది దినములకు మొలక కనబడును. వీడ్కోలిచ్చితిమని కంటనీరు పెట్టుకొను పిల్లకు ఇంతకన్న ఓదార్పు మఱి లేదు.

మట్టిదైనను వేలకొలది విగ్రహములు ఒక్క చెఱువునే చేరిన అది పూడును. కావున విగ్రహము చిన్నదై ఇంటనే కరగుట ముఖ్యమని గుర్తింపవలెను.

బతుకమ్మను గూర్చి తెలంగాణపు తల్లులకు ఎవరును నేర్పనక్కఱలేదు. 2014లో రాష్ట్రపండుగయైన ఈ వేడుకలో కొనితెచ్చిన బొమ్మ యేదియు లేదు. తంగేడు, గునుగు, బంతి, చామంతి, గుమ్మడిపువ్వులే దేవత. మహాలయ అమావాస్యనాటి ఎంగిలిపూలతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగియు ఈ తొమ్మిదిదినములు పువ్వులు పేర్చు చేతిపనికి బడియే యనదగును. ఈ పేటలవారు గుడిమల్కాపురపు పూలసంత నుండియో ఎఱ్ఱగడ్డ రైతుబజారు దారిలోనో పూలు తెచ్చుకొందురు. గునుగునకు అంగడి రంగులద్దక తెల్లగానే యుంచిన మంచిది. ఆ రంగు తుదకు నీటికే పోవును. మాఘఫాల్గుణములలో మోదుగు పూచినపుడు ఆ పువ్వులను నీట కాచిన హోళీకి చక్కని కాషాయపు రంగు వచ్చును.

కొనదగిన కానుకలు

అన్నియు ఇంట చేయుట సాధ్యము గాదు. కొనవలసివచ్చినపుడు, మనము వెచ్చించు రూపాయి పనివాని యింటికి చేరు వస్తువునే కొనుట మంచిది. నిర్మలు బొమ్మలును కొండపల్లి బొమ్మలును తేలికయైన పొణికి కఱ్ఱతో చేయుదురు. వరాహనది యొడ్డున అనకాపల్లి జిల్లాలోనున్న ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కఱ్ఱను తరిణ పట్టి, లక్కపూత పూసి చేయునవి. నడుమ రసాయనపు రంగులు చొరబడిన ఆ ఊరిలో ఆకులు, గింజలు, వేళ్లనుండి తీసిన రంగులను మరల వాడుకలోనికి తెచ్చినందులకు సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. పిల్లలు నోట పెట్టుకొను బొమ్మకు రంగెట్టిదో తెలిసికొనుట తల్లికి ఎంత ముఖ్యమో చెప్పవలెనా? ఇట్టి బొమ్మలు తెలంగాణ హస్తకళల సంస్థవారి గోల్కొండ అంగళ్లలోను, మాధాపురపు శిల్పారామములోను దొరకును. అమీరుపేటలో నీలిగీత బండి యెక్కిన మాధాపురము ఎంతోసేపు పట్టదు. ఆదివారము ఆబిడ్సు కాలిబాటపై అమ్ము పాతపుస్తకములును మంచి కానుకలే. తులసి మొక్క నుంచిన మట్టికుండీకి తూగు పేరంటపు వాయనము మఱియొకటి లేదు.

పని యెవరిది?

ఇవన్నియు చదివి కొందఱు సోదరీమణులు, పండుగనాటి వంటకును ఇంటిపనికిని తోడు ఇదియు మా నెత్తినే పడునా యని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. పిండివంటలతో నడుము విఱిగిన తల్లి రాత్రి పండ్రెండింటివఱకు కూర్చుండి పిల్లవాని పేర ముసుగు చేసినచో అది పిల్లవాని పని గాదు, తల్లికి వెట్టి. కావున ఈ పనులను పండుగకు పదిదినములు ముందుగా, పిల్లలకు తోచని మధ్యాహ్నములందు పెట్టుకొనవలెను. పేలికలు విడదీయుట తాతగారితో కూర్చుండి చేయవచ్చును. మన్ను పిసుకుట తండ్రి చేతులకు తగిన పని. సూది ఆడపిల్లకు, గాలిపటము మగపిల్లవానికి అను భేదమును విడిచిపెట్టుట మంచిది. తొండము వంకరయైనను, పూస వదులైనను, సరిదిద్దక అట్లే యుంచవలెను. ఇరుగింటి అంగడి బొమ్మ మఱింత నునుపుగా నున్నదని పిల్లవాడు చిన్నబోయినచో, వాని బొమ్మనే కొలువులో నడిమెట్టున నిలిపి వచ్చినవారికెల్ల చూపవలెను.

హుస్సేనుసాగరమును ఒక్క యింటివారు బాగుచేయజాలరు. నాలాలను చక్కజేయుట ప్రభుత్వము చేయదగిన పెద్దపని; దానిని అడుగుటయు మన ధర్మమే. కాని చేతితో బొమ్మ చేసిన పిల్లలకు ప్రతి వస్తువునకును పుట్టుక యొకటి, పోక యొకటి యున్నవని తెలియును. అది తెలిసిన పిల్లలు పెద్దవారై యీ నగరమున ఇండ్లు కట్టుదురు, అంగళ్లు పెట్టుదురు, అధికారములు చేయుదురు. ఆనాటికి చెఱువులు వారి చేతులలోనే యుండును. కావున ఈ యేటి పండుగకు తల్లులు అంగడికి పోవుటకు ముందొకసారి దర్జీని పేలికలడిగి చూతురు గాక.